పులికాట్‌లో రాజహంసల ఫొటో: కెమెరా సంచి విప్పకముందే తేలిపోయే సంగతులు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును అడ్డంగా దాటుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారేసరికి ఆ గట్టు మీద అక్కడక్కడా కార్లు ఆగి ఉంటాయి. కిటికీల్లోంచి మోచేతంత లెన్సులు బయటికి తొంగిచూస్తుంటాయి. తొమ్మిదిన్నరకి తిరుగుముఖం పట్టేసరికి ఒక్కొక్కరి కార్డులో వందల కొద్దీ ఫ్రేములు చేరతాయి. ఇంటికెళ్ళి పెద్ద తెర మీద చూసుకుంటే పనికొచ్చేవి నాలుగైదు, కొందరికి అవీ ఉండవు. అప్పుడు ముందు లెన్స్ మీద అనుమానం, ఆ తరవాత ఆటోఫోకస్ మీద. కానీ ఆ ఫొటోల్లో చాలావాటి తలరాతను నిలబడిన చోటు, వెళ్ళిన వేళ, పక్షికీ లెన్స్‌కీ మధ్య దూరం ముందే రాసేసి ఉంటాయి. కెమెరాలో మార్చగలిగేది ఆ తరవాత మిగిలిన కాస్త.

ముందు నీళ్ళ సంగతి

పెద్ద రాజహంస (గ్రేటర్ ఫ్లెమింగో) తల కిందులుగా వంచి, ముక్కును జల్లెడలా వాడుకుని, బురదనీళ్ళలోంచి చిన్నచిన్న జీవుల్ని వడగట్టుకుని తింటుంది. దానికి లోతు తక్కువ నీళ్ళు కావాలి. పులికాట్ ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల వానలతో నిండుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగా పడిన ఏడాది రోడ్డు పక్కనే నీళ్ళు లోతుగా నిలుస్తాయి, గుంపులు ఎక్కడో దూరంగా మిట్ట ప్రాంతాల్లో మేస్తాయి. నీళ్ళు తీసే కొద్దీ మేత చోటు కూడా జరుగుతూ వస్తుంది. అందుకని "ఏ నెలలో వెళ్ళాలి" అన్న ప్రశ్నకు క్యాలెండరు చూసి జవాబు చెప్పలేం. ఆ ఏడు నవంబరులో వానలు ఎలా పడ్డాయో చూడాలి. పోయినేడు జనవరి రెండో వారంలో గుంపు రోడ్డుకు వంద మీటర్లలో ఉందని ఈసారీ అదే వారానికి గది బుక్ చేసుకుని, ఆకాశానికీ నీళ్ళకీ మధ్య ఒక లేత గులాబీ గీత మాత్రం చూసి తిరిగొచ్చేవాళ్ళు ఏటా ఉంటారు.

బయల్దేరే ముందు రెండు చోట్ల వాకబు చేయాలి. ఒకటి, ఈబర్డ్‌లో, అంటే పక్షులు చూసేవాళ్ళు తాము చూసినవాటిని నమోదు చేసే వెబ్‌సైట్‌లో, గత పది పదిహేను రోజుల జాబితాలు. ఏ పక్షి అన్నది సరే, ఎన్ని అని రాశారో చూడాలి. ఆరొందలు ఉన్న చోట ఆరు అని కనబడితే గుంపు కదిలిపోయిందని అర్థం. రెండోది వల వేసేవాళ్ళు, గట్టు మీద టీ కొట్టువాళ్ళు. "పక్షులున్నాయా అన్నా?" అని అడిగితే ఎవరైనా ఉన్నాయనే అంటారు. "అన్నా, నీళ్ళు ఎందాక తీసినాయి? ఏ తూము కాడ మేస్తా ఉండాయి?" అని అడిగితేనే పనికొచ్చే సమాధానం వస్తుంది.

నీళ్ళు తీసిన చోట మేట ఎండినట్టే కనబడుతుంది. పైన ఉప్పు పెచ్చు, కింద మెత్తటి బురద. నాలుగడుగులు వేశాక మోకాలి దాకా దిగబడి, లెన్స్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి నిలబడిపోవడం ఇక్కడ కొత్తవాళ్ళకు మామూలు ముచ్చటే. పైగా నడిచి వచ్చే మనిషిని చూస్తే పక్షి బెదురుతుంది, ఆగి ఉన్న కారును పెద్దగా పట్టించుకోదు. గట్టు దిగకపోవడమే మేలు.

సూర్యుడు దక్షిణాన, గాలి ఈశాన్యాన

రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. అంటే నీళ్ళు ఉత్తరాన కొన్ని, దక్షిణాన కొన్ని. శీతాకాలంలో సూర్యుడు సరిగ్గా తూర్పున పొడవడు. డిసెంబరు చివర ఇక్కడ ఆగ్నేయం వైపు 24 డిగ్రీల దాకా జరిగి పొడుస్తాడు. మధ్యాహ్నం నడినెత్తికీ రాడు, దక్షిణాన సుమారు 53 డిగ్రీల ఎత్తులో ఆగిపోతాడు. దీనివల్ల తేలేదేమిటంటే, ఉత్తరం వైపు నీళ్ళలో ఉన్న పక్షి మీద రోజంతా ఎదురు వెలుగు పడుతుంది, అంటే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు. దక్షిణం వైపు చూస్తే రోజంతా బ్యాక్‌లైటే, సూర్యుడు పక్షి వెనక. తెల్లవారుజామున చీకట్లో వచ్చి, ఏ పక్క పక్షులు ఎక్కువ కనబడితే ఆ పక్కకి కారు ఆపేసినవాళ్ళు, సూర్యుడొచ్చాక తాము తప్పు పక్కన ఉన్నామని గ్రహిస్తారు. అప్పటికి అరగంట మంచి వెలుగు పోయి ఉంటుంది.

పక్షులు ఎగిరేటప్పుడూ వాలేటప్పుడూ గాలికి ఎదురుగా తిరుగుతాయి. రాజహంస బరువైన పక్షి, నీళ్ళ మీద కొన్ని అడుగులు పరుగెత్తి గానీ లేవదు. అంచేత గాలి దిశ దానికి ఇంకా ముఖ్యం. ఈ కాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. ఇప్పుడు రెండూ కలిపి చూడండి. ఉత్తరం పక్కన వెలుగు బాగుంటుంది, కానీ అక్కడ వాలే పక్షి ఈశాన్యానికి ముఖం పెట్టి, కెమెరాకు సగం వీపు చూపిస్తుంది. దక్షిణం పక్కన వాలే పక్షి ఈశాన్యానికి, అంటే రోడ్డు వైపుకే వస్తుంది, కానీ వెలుగు దాని వెనక ఉంటుంది.

అంటే వెలుగూ గాలీ రెండూ వీపు వెనక నుంచి రావడమనే అదృష్టం ఇక్కడ శీతాకాలంలో అరుదు. దీన్ని లోపంగా చూడనక్కర్లేదు, పనిని రెండుగా పంచుకుంటే చాలు. మేస్తున్న పక్షులు, నీళ్ళలో నీడలు, జంటలు, మెడల వరసలు ఉత్తరం పక్కన తీయాలి. వాలే పక్షుల్ని దక్షిణం పక్కన, అదీ పొద్దు పొడిచిన తొలి గంటలో, బ్యాక్‌లైట్ అని తెలిసే తీయాలి. విప్పిన రెక్కలోని గులాబీ ఈకల్లోంచి వెలుగు ఇటు పారుతుంది. ఆ రంగు ఎదురు వెలుగులో రానే రాదు. ఇక్కడ తీసిన మంచి ఫొటోల్లో చెప్పుకోదగ్గవి ఈ రకానివేనని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

తెల్లవారగానే కాసేపు గాలి నేల వైపు నుంచి, అంటే పడమర నుంచి మెల్లగా వీచే రోజులూ ఉంటాయి. గట్టు మీద ఒక గడ్డిపరక, లేదా కారు యాంటెన్నాకు కట్టిన దారం ముక్క చూసుకుంటే చాలు, యాప్ అక్కర్లేదు.

ఎంత దూరం సరిపోతుంది?

ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ వెడల్పు 36 మి.మీ. దూరాన్ని 36తో గుణించి లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఆ దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు వస్తుంది. 600 మి.మీ. లెన్స్‌తో 50 మీటర్ల దగ్గర 3 మీటర్ల వెడల్పు పడుతుంది. 100 మీటర్ల దగ్గర 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు. ఒకటింపావు మీటరు ఎత్తున్న రాజహంస ఆ ఫ్రేములో మూడోవంతు ఎత్తు కూడా ఉండదు. 300 మీటర్లయితే 18 మీటర్ల వెడల్పు. అక్కడ ఒక్క పక్షి ఫొటో గురించి ఆలోచించడమే దండగ, అది గుంపు ఫొటోకి చోటు. చిన్న సెన్సార్ కెమెరాలో 36 బదులు సుమారు 23.5 పెట్టుకోవాలి.

ఈ లెక్క వెళ్ళేముందే వేసుకుంటే ఆశకు హద్దు తెలుస్తుంది. లేకపోతే 250 మీటర్ల పక్షిని తీసి, కంప్యూటర్‌లో పదోవంతుకి క్రాప్ చేసి, రవ్వరవ్వగా ఉందేమిటని తల పట్టుకోవాలి. టెలికన్వర్టర్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య బిగించి ఫోకల్ లెంగ్త్ పెంచే చిన్న గొట్టం) పెడితే సరిపోతుందనుకునేవాళ్ళు దాని ధర కూడా చూసుకోవాలి. 1.4 రకం ఒక స్టాప్, 2 రకం రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది; ఒక్కో స్టాప్ తగ్గితే వెలుగు సగమైనట్టు. ఎఫ్/6.3 లెన్స్ 2 కన్వర్టర్‌తో ఎఫ్/13 దగ్గరికి పోతుంది, ఈ అంకె పెరిగే కొద్దీ లోపలికొచ్చే వెలుగు తగ్గుతుంది. తెల్లవారు వెలుగులో ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుకులాడుతూ కూర్చుంటుంది.

దూరంలో ఒక మేలు కూడా ఉంది. రెండు మీటర్ల ఎత్తు గట్టు మీంచి 10 మీటర్లలో ఉన్న పక్షిని చూస్తే చూపు 11 డిగ్రీలు కిందికి వాలుతుంది. వెనక నేపథ్యమంతా దగ్గరి బురదనీళ్ళే. అదే పక్షి 30 మీటర్లలో ఉంటే వాలు 4 డిగ్రీలకు తగ్గుతుంది. పక్షి కంటికి దాదాపు సమానంగా వస్తాం, వెనక నీళ్ళు దూరమై మెత్తగా కరిగిపోతాయి. కారు దిగి గట్టు వాలులో కూర్చుంటే ఇంకో మీటరు కలిసొస్తుంది, అయితే పక్షులు రాకముందే కూర్చోవాలి.

తొమ్మిది దాటాక

జనవరి మొదట్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకు కాస్త అటూ ఇటూ. అక్కడి నుంచి ఎనిమిదిన్నర దాకా ఉన్న రెండు గంటలే అసలు పని. తరవాత బురదమేటలు వేడెక్కుతాయి, వాటిమీది గాలి సెగలా లేస్తుంది, దూరపు పక్షి కాళ్ళు అలల్లో ఊగినట్టు వంకరలు పోతాయి. దీనికి లెన్స్‌లో మందు లేదు. షట్టర్ స్పీడ్ పెంచినా పోదు, ఎందుకంటే వంగింది వెలుగే. ఒకటే ఉపాయం: దూరం తగ్గాలి. 40 మీటర్లలో ఉన్న నల్లరెక్కల పొడుగుకాళ్ళ ఉల్లంకిని పది గంటలకూ తీయొచ్చు, 200 మీటర్ల రాజహంసను తీయలేం.

ఫొటో మెత్తగా, అంటే మసకగా వచ్చినప్పుడు తప్పు ఎవరిదో తేల్చే చిన్న పరీక్ష ఉంది. కదలకుండా నిలబడిన ఒకే పక్షిని వరసగా పది ఫ్రేములు తీయాలి. పదీ ఒకే తీరున మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది. చిన్న చుక్కలన్నీ ఒకే దిక్కుకి సాగినట్టు ఉంటే చెయ్యి కదిలింది. ఒక ఫ్రేములో ముక్కు స్పష్టంగా, ఇంకోదాంట్లో ముక్కు వంకరగా, మరోదాంట్లో కాళ్ళు మాత్రమే స్పష్టంగా ఉంటే అది గాలి సెగ. ఈ మూడోది తెలియకే చాలామంది మంచి లెన్సుల్ని సర్వీస్ సెంటర్‌కి పంపుతుంటారు.

సెగ కారులోంచి కూడా పుడుతుంది. లోపల ఏసీ వేసుకుని, అద్దం దించి లెన్స్ బయటపెడితే చల్లగాలి, వెచ్చగాలి కలిసేది లెన్స్ ముందే. ఇంజన్ బానెట్ మీదుగా తీసినా అంతే. ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి పదినిమిషాలు ఆగాలి. ఇంజన్ ఆపాలని వేరే చెప్పనక్కర్లేదు, ఆ అదురు బీన్‌బ్యాగ్‌లోంచి (కిటికీ మీద లెన్స్ ఆనించే గింజల సంచి) కూడా పాకుతుంది.

ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాను తెల్లవారుజామున తేమగాలిలోకి తెస్తే ముందు అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది. సంచి జిప్పు వేసి ఉంచే బయటికి తెచ్చి, అరగంట అలాగే వదిలేయాలి. లేదా రాత్రే ఏసీ తగలని చోట పెట్టుకోవాలి.

గులాబీ తెల్లబోకుండా

రాజహంస మీద మూడు రంగులుంటాయి. తెలుపుకి దగ్గరగా ఉండే లేత గులాబీ ఒళ్ళు, ముదురు గులాబీ రెక్కలు, నల్లటి అంచు ఈకలు. వెనక ముదురు నీళ్ళుంటే వెలుగు కొలిచే కెమెరా మీటరు ఆ చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది, ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు అవుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ 0.7 నుంచి 1 స్టాప్ దాకా తగ్గించాలి. అదే పక్షి తెల్లటి ఆకాశంలోకి లేస్తే మీటరు ఉల్టా చేస్తుంది. ఈసారి 1 స్టాప్ దాకా పెంచాలి. నీళ్ళ మీంచి ఆకాశంలోకి లేవడానికి పక్షికి రెండు మూడు సెకన్లే పడుతుంది, ఆ మధ్యలో చక్రం తిప్పే తీరిక ఎవరికీ ఉండదు.

అందుకని ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు పూర్తి మాన్యువల్ (అమరికలన్నీ చేత్తో పెట్టుకోవడం) మేలు. నేపథ్యం మారినా పక్షి మీద పడే వెలుగు మారదు కదా. పొద్దు పొడిచిన గంట తరవాత ఎదురు వెలుగులో ఐఎస్ఓ (సెన్సార్ వెలుగుకు స్పందించే స్థాయి) 640, ఎఫ్/8, 1/2000 దగ్గర మొదలుపెట్టి, ఒక తెల్ల కొంగ మీద రెండు ఫ్రేములు తీసి సరిచూసుకోవచ్చు. వెలుగు పెరిగే కొద్దీ ఇరవై నిమిషాలకోసారి ఐఎస్ఓ ఒక మెట్టు దించుతూ పోవాలి. మాన్యువల్ అని పేరు పెట్టుకుని ఐఎస్ఓను ఆటోలో వదిలేస్తే మీటరు పెత్తనం మళ్ళీ వచ్చినట్టే. మబ్బులు వచ్చిపోతున్న రోజున మాత్రం దానికే లొంగక తప్పదు.

హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూసేటప్పుడు తెల్ల గ్రాఫు ఒక్కటే చూస్తే మోసపోతారు. పొద్దుటి పసుపు వెలుగులో గులాబీ పక్షి మీద ముందు కాలిపోయేది ఎరుపు చానెల్. మొత్తం గ్రాఫు కుడి గోడకు ఇంకా దూరంగా ఉన్నట్టే ఉంటుంది, ఎరుపు అప్పటికే గోడకు గుద్దుకుని ఉంటుంది. రెక్కలోని ఈకల గీతలన్నీ పోయి ముద్దగా కనబడితే కారణం అదే. మూడు రంగుల గ్రాఫులు విడివిడిగా చూపే అమరిక పెట్టుకోవాలి.

షట్టర్ స్పీడ్ సంగతి లెక్కతోనే తేలుతుంది. గంటకు 55 కిలోమీటర్ల వేగంతో ఎగిరే పక్షి సెకనుకు 15 మీటర్లు పోతుంది. 1/500 సెకనులో 3 సెంటీమీటర్లు, 1/2000లో ముప్పావు సెంటీమీటరు. కెమెరాను పక్షితో పాటు తిప్పితే ఒంటి కదలిక తగ్గుతుంది గానీ రెక్క కొస దానికంటే వేగంగా ఊగుతుంది. మేస్తున్న పక్షికి 1/800 చాలు. మిగిలిన వెలుగును ఐఎస్ఓ తగ్గించడానికి వాడుకోవచ్చు.

తలలు లేచాయంటే

మేస్తున్న గుంపులో తలలన్నీ కిందనే ఉంటాయి. ఒకటి రెండు తలలు లేచి చూడడం మామూలే. పది, ఇరవై తలలు ఒకేసారి లేచి, మెడలు నిటారుగా నిలిచి, గుంపంతా ఒకే దిక్కుకు నడక మొదలుపెట్టి, బాతుల్లాంటి అరుపు పెరిగితే కాసేపట్లో లేస్తాయని అర్థం. ఈ వరస తెలిసినవాళ్ళు అప్పుడే ఫోకస్ సిద్ధం చేసుకుని, ఫ్రేములో ముందువైపు ఖాళీ వదిలి కాచుకుంటారు. తెలియనివాళ్ళు లేచాక చూసి నొక్కితే తోకలు వస్తాయి.

అదే సంకేతాన్ని ఇంకోలా కూడా చదవాలి. తలలు లేచింది తమను చూసేనైతే అక్కడే ఆగిపోవాలి, కాస్త వెనక్కి తగ్గితే ఇంకా మంచిది. కొద్దిసేపట్లో తలలు మళ్ళీ కిందికి దిగితే పక్షి ఒప్పుకున్నట్టు. గుంపంతా ఎగురుతున్న ఫొటో కోసం చప్పట్లు కొట్టడం, హారన్ మోగించడం, రాళ్ళు విసరడం ఈ గట్టు మీద అప్పుడప్పుడూ కనబడుతుంది. అలా లేచిన గుంపు కెమెరాకు వీపు చూపిస్తూనే పోతుంది, కాబట్టి ఫొటోగా కూడా అది చెత్తే. సొంతంగా లేచిన గుంపు గాలికి ఎదురు తిరుగుతుంది, వరస కడుతుంది. రెండిటికీ తేడా ఎవరైనా చెప్పగలరు.

శ్రీహరికోట ప్రయోగ కేంద్రం పక్కనే ఉంది కాబట్టి డ్రోన్ ఊసే వద్దు. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనసందోహంలో గట్టు మీద పని జరగదు, మామూలు వారపు రోజు చూసుకోవాలి.

నేలపట్టు: ఇక్కడ పద్ధతి వేరు

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు గూళ్ళు పెడతాయి. రాజహంస బెదిరితే ఇంకో చోట మేస్తుంది. గూటి మీది గూడబాతు బెదిరి లేస్తే గుడ్డు కాకి పాలవుతుంది, ఈకలు రాని పిల్ల ఎండకు మాడుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972)లో వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను కదిలించడం, చెదరగొట్టడం కూడా ఉంది. కొమ్మ అడ్డమొచ్చిందని విరిస్తే కెమెరా చేతిలో ఉన్నా చట్టం దృష్టిలో అది వేట కిందికే రావచ్చు. అభయారణ్యంలోకి ఫొటోల కోసం ప్రవేశం ఇచ్చే నిబంధనకు కూడా 2022 సవరణలో ఒక షరతు చేరింది: ఆవాసాన్ని మార్చకుండా, దానికీ జీవులకూ చెరుపు జరక్కుండా తీయాలి.

కట్ట మీంచి, వాచ్‌టవర్ మీంచి తీసేవే ఇక్కడ ఫొటోలు. కొమ్మలు అడ్డం వస్తుంటే ఆటోఫోకస్‌ను మధ్యలోని ఒక్క చిన్న చుక్కకు తగ్గించాలి, లేకపోతే ముందున్న ఆకును పట్టుకుని వదలదు. గూటి దగ్గర ఫొటో అంటే పిల్లకు మేత పెట్టడం ఒక్కటే కాదు. పుల్ల తెచ్చి ఇవ్వడం, మధ్యాహ్నం తల్లి రెక్కలు విప్పి పిల్లకు నీడ పట్టడం ఎక్కువసేపు జరుగుతాయి, వాటికి తొందర అక్కర్లేదు. కొల్లేరులో ఆటపాక దగ్గర పడవ మీంచి తీసేటప్పుడు ట్రైపాడ్ పడవ అదురును నేరుగా కెమెరాకు చేరుస్తుంది. అక్కడ చేతుల్లోనే పట్టుకుని 1/2000 పెట్టుకోవడం నయం.

సంచిలో, తిరిగొచ్చాక

బీన్‌బ్యాగ్ కొననక్కర్లేదు. పాత జీన్స్ కాలు ఒక పక్క కుట్టి, రెండున్నర మూడు కిలోల బియ్యం పోసి, రెండో పక్క కుట్టేస్తే సరి. బొరుగులతో నింపితే తేలికే గానీ లెన్స్ కదిలినప్పుడల్లా కరకరలాడతాయి. రైల్లో వచ్చేవాళ్ళు ఖాళీ సంచి తెచ్చుకుని బియ్యం సూళ్లూరుపేటలో కొనుక్కోవచ్చు, పోయేటప్పుడు ఎవరికైనా ఇచ్చేయొచ్చు. నిండుగా బిగించకూడదు. మూడోవంతు ఖాళీ ఉంటేనే లెన్స్ అందులో కూర్చుంటుంది.

సెకనుకు 10 ఫ్రేములు, ఒక్కో రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫొటో) 30 ఎంబీ చొప్పున వేసుకుంటే 64 జీబీ కార్డు మూడున్నర నిమిషాల నొక్కుడుకే నిండుతుంది. కార్డులు ఎక్కువ తెచ్చుకోవడం కంటే అరసెకను, ఒక సెకను బర్స్టులకు (ఆపకుండా వరసగా తీయడం) వేలిని అలవాటు చేయడం మంచిది. బట్టలు మట్టిరంగువి. తెల్ల చొక్కా వద్దు.

పులికాట్ గాలిలో ఉప్పు ఉంటుంది. రాత్రి గదికి రాగానే పొడిగుడ్డతో లెన్స్ తుడవడం అందరూ చేసే తప్పు. ఉప్పు రవ్వ అద్దం మీద గీతలు పెడుతుంది. ముందు బ్లోయర్‌తో ఊదాలి, తరవాత మంచినీళ్ళతో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీని, లెన్స్ గొట్టాన్ని, ట్రైపాడ్ కాళ్ళ కీళ్ళను అద్దాలి, ఆఖరున పొడిగుడ్డ. ముందు అద్దానికి లెన్స్ ద్రావకం రెండు చుక్కలు, అదీ గుడ్డ మీద వేసుకుని.

కార్డులు ఖాళీ చేసే ముందు ఒక చిన్న పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోవాలి: తేదీ, గాలి ఎటు నుంచి, సెగ ఎన్నింటికి మొదలైంది, గుంపు ఏ తూముకు ఎంత దూరంలో ఉంది. తూము గోడ మీద నీళ్ళు ఆనిన తడి గీత ఎంత ఎత్తున ఉందో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, మరుసటి ఏడు టీ కొట్టతను "నీళ్ళు పోయినేటి కంటే మూరెడు ఎక్కువుండాయి" అన్నప్పుడు ఆ గీతతో పోల్చి, ప్రయాణం ఎన్ని రోజులు వెనక్కి జరపాలో అంచనా కట్టుకోవచ్చు.